నేల మీద పడింది చెల్లదు

ఇత్తడి పాచిక బట్టలు కత్తిరించే బల్ల మీద పడి గుంట పెట్టిన మధ్యాహ్నం, కత్తెరమ్మ అరిచిన అరుపుకు పక్క కొట్లో జిరాక్స్ తీసే ఆవిడ మిషన్ ఆపి మరీ విన్నది. విన్నాక మళ్లీ నడిపింది. కత్తెరమ్మ అరవడం ఆ వీధికి వార్త కాదు.

ఆ పేరు సగం వృత్తి వల్ల, సగం నోటి వల్ల వచ్చింది. ఆమెది బట్టలు సరిచేసే దుకాణం. కొత్తవి కుట్టదు. నడుము వదులు చేయడం, పొడుగు తగ్గించడం, జిప్పులు మార్చడం, కోటు లోపలి లైనింగు చిరిగితే తీసి వేరేది వేయడం ఆమె పని. ముందు గదిలో రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, చీటీలు తగిలించి వేలాడదీసిన బట్టలు. వెనక గదిలో నిలువెత్తు మనిషి పడుకోగలిగినంత పొడవైన బల్ల. పని నేర్పింది పిన్ని. పిన్ని పోయాక మిషన్లు, బల్ల, కోపం మూడూ ఆమెకే దక్కాయి. కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి లాక్కున్న పెద్దమనిషిని "ఊపిరి వదలండి. ఈ ప్యాంటు వేసుకున్న రోజంతా ఊపిరి తీయకుండా ఉంటారా?" అని పదిమందిలో అడిగిన మనిషి.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం ముందు తలుపు మూసి, వెనక బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. కథ ఆడతారు. కత్తెరమ్మ కథ నడుపుతుంది. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిగా ఆ కథలోకి దిగుతారు. గోడ దూకుతానని ఎవరైనా అనవచ్చు. దూకగలిగాడా లేదా అన్నది మాత్రం పాచిక చెప్పాలి. ఇరవై ముఖాల పాచిక. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్నది పడితే జారినట్టు. ఎంత పడాలో కథ నడిపే మనిషి ముందే చెబుతుంది. ఒకటి పడితే ఏం విరుగుతుందో కత్తెరమ్మ దయ. ఆమెకు దయ తక్కువని అందరికీ తెలుసు. అందుకే తొమ్మిదేళ్లుగా ఆ బల్ల దగ్గర ఎవరికీ విసుగు పుట్టలేదు.

ఇదంతా ఒక కోటు వల్ల మొదలైంది. లైనింగు మార్చమని ఇచ్చినవాడు తిరిగి రాలేదు. జేబులో చిన్న సంచి, అందులో నాలుగు ముఖాలది మొదలుకొని ఇరవై ముఖాలదాకా పాచికలు. ఇవేంటని వచ్చిన ప్రతి కస్టమర్‌నీ అడిగింది. చివరికి మందుల షాపాయన చెప్పాడు. చెప్పిన పాపానికి మొదటి ఆదివారమే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. అతను కథలో విషాలు కలిపే వైద్యుడు. లెక్కల మాస్టారు ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి ఉండిపోయారు. బడిలో జూదం తప్పని చెప్పే ఆయన, ఇక్కడ ఊరూరా తిరిగే జూదరి. మూడోవాడు కత్తెరమ్మ అన్న. ఊళ్లో అందరికీ తాళాలాయన.

ముప్పై ఏళ్లు తాళాలు తీసిన మనిషి కథలో దొంగగా ఉంటాడనే అందరూ అనుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు.

"వారమంతా తాళాలేగా తీసేది. ఆదివారం కూడా అదేనా? నేను తలుపు తన్నేవాణ్ని."

అలా ఆయన మోటు సిపాయి అయ్యాడు. తొమ్మిదేళ్లలో ఎన్ని తలుపులు తన్నాడో లెక్క లేదు. తాళం వేయని తలుపును కూడా తన్నాడు.

ఆ బల్లకు రెండు నియమాలు. ఎవరి పాచిక వాళ్లే వేయాలి. నేల మీద పడింది చెల్లదు, మళ్లీ వేయాలి. రెండోది మాస్టారి వల్ల వచ్చింది. ఒకసారి ఆయన పాచిక మిషన్ కిందకు దొర్లింది. ఆయన వంగి, గుడ్డపేలికల్లో వెతికి, "పంతొమ్మిది" అని పైకి లేచారు. మిగిలిన ముగ్గురూ ఆయన మొహం చూశారు. ఆ నెలంతా టీ పెట్టింది మాస్టారే. మోసానికి అదే శిక్ష అని ఆ రోజే ఖాయమైంది.

అన్న చేతుల్లో వణుకు కిందటేడు మొదలైంది. ముందు కుడిచేయి. డాక్టరు మాత్రలు రాశాడు, మందుల షాపాయన ఇచ్చాడు, వణుకు కొంచెం తగ్గి, మళ్లీ పెరిగింది. ఒక రోజు ఎవరిదో ఇంటి తాళం తీయడానికి వెళ్లి, సన్నటి ఊచను తాళపు కన్నంలో పెట్టలేక గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఇంటావిడ పక్కకు వెళ్లి మెల్లగా ఇంకొకరికి ఫోను చేసింది. అన్న పనిముట్లు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చి, మర్నాడు కొట్టు తెరవలేదు. ఆ తర్వాత తెరవలేదు. ఆయనకు మిగిలిన కుర్చీ చెల్లెలి బల్ల దగ్గరిదే.

ఇప్పుడు ఆ కుర్చీకీ గండం వచ్చింది. అన్న వేస్తే పాచిక బల్ల మీద నిలవడం మానేసింది. పాలిష్ పట్టిన బల్ల, వణికే చేయి. పాచిక అంచు దాటేది. నియమం ప్రకారం మళ్లీ వేయాలి. మళ్లీ అంచు దాటేది. మాస్టారు గడియారం వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడేవారో అందరికీ కనిపించేది. ఒకసారి మూడుసార్లు వరుసగా నేల మీద పడింది. నాలుగోసారి మందుల షాపాయన పాచిక అందుకుని, "నేను వేస్తాలే అన్నా, నీకెందుకు శ్రమ" అని తనే వేశాడు. పదహారు పడింది. తలుపు విరిగింది. అందరూ సంతోషించారు. అన్న కూడా నవ్వాడు.

ఆ వారం నుంచి అన్న తరఫున ఎవరో ఒకరు వేయడం అలవాటైంది. మంచితనంతో చేసిన పని కాబట్టి ఎవరూ తప్పనలేదు. ఒక మనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆట మాత్రం చేతిలోంచి తీసేసుకున్నారు. అన్న మాట్లాడటం తగ్గించాడు. "సిపాయి ఏం చేస్తాడు?" అని అడిగితే, "మీ ఇష్టం" అనేవాడు. తలుపు తన్నేవాడి నోట్లోంచి వచ్చే మాట కాదది. కత్తెరమ్మకు అప్పుడే ఒళ్లు మండాలి. మండలేదు. తన ఆట తొందరగా సాగుతోందన్న సుఖం ఆమెకూ ఉంది.

మిగిలిన ఇద్దరూ ఇంకా మంచితనానికి పోయి ఇత్తడి పాచిక కొన్నారు. బరువుంటే చేయి నిలుస్తుందని మాస్టారి ఊహ. ఉసిరికాయంత ముద్ద. ముఖముఖానికీ లతలు చెక్కి, లతల మధ్య బంగారు రంగు అంకెలు. వెల్వెట్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. అన్న దాన్ని ఎత్తాడు. బరువుకు చేయి ఇంకా వణికింది. జారి బల్ల మీద పడి గుంట పెట్టింది, ఎగిరి ఆయన పాదం మీద పడింది. మందుల షాపాయన వంగి చూశాడు.

"ఎంత పడింది?" అన్నారు మాస్టారు.

"ఆరో, తొమ్మిదో. ఈ తీగల్లో ఏం కనబడుతోంది?"

కత్తెరమ్మ అరిచింది అప్పుడు.

"కొనేముందు చదివి చూశారా ఒక్కసారైనా? అంకె కనబడని పాచిక దేనికి, మెడలో వేసుకోవడానికా? చేయి వణికే మనిషికి ఎవరైనా గుండు ఇస్తారా? నా బల్ల పాడైంది, ఆయన కాలు వాచింది. ఇంకేం మిగిలింది, నా తలా?"

"మంచికే కదమ్మా," అన్నారు మాస్టారు.

"మీ మంచి నా బల్ల మీద గుంటలా కనబడుతూనే ఉంది మాస్టారూ."

అన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. "నా గురించి ఇంత గొడవెందుకే. ఆడుకోండి," అని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. పని ఉందని వదినతో ఫోను చేయించాడు.

"ఏం పని వదినా?"

"ఏమో. కిటికీ దగ్గర కూర్చున్నాడు. అది పనే అనుకో."

కత్తెరమ్మ ఫోను పెట్టేసి, బల్ల దగ్గర ఉన్న ఇద్దర్నీ లేపి పంపేసింది. మీరు చేసిందేనని వాళ్ల మీద కేకలేసింది.

సోమవారం ఆటసామాన్ల దుకాణానికి వెళ్లింది. కౌంటర్ దగ్గరి కుర్రది గాజు అలమర తెరిచింది. లోపల నక్షత్రాలు పొదిగిన పాచికలు, పొగ నింపినట్టున్నవి, గాజువి, రాతివి. కత్తెరమ్మ ఒక్కొక్కటే చేతికి తీసుకుని, చేయి చాచి దూరంగా పెట్టి చూసి, పక్కన పడేసింది.

"లేత నీలం మీద తెల్ల అంకెలా? రాసినవాడికైనా కనబడిందా? ఇది అంచులు గుండ్రంగా అరిగినట్టుంది, దొర్లి పక్క వీధికి పోతుంది. ఈ నాలుగు ముఖాలది కింద పడితే మేకే, కాల్లో దిగుతుంది. చదవగలిగేది ఒక్కటీ లేదా?"

"ఎవరికండీ?"

"మా అన్నకి. చేతులు వణుకుతాయి."

కుర్రది సానుభూతిగా తల పంకించి, స్పాంజితో చేసిన ఎర్రటి పాచిక తెచ్చింది. బత్తాయి అంత ఉంది. "పిల్లలవి ఇవి. మెత్తగా ఉంటాయి. ఎవరికీ దెబ్బ తగలదు."

"ఆయనకి అరవై రెండేళ్లు," అంది కత్తెరమ్మ. "తగులుతుంది దెబ్బ."

చివరికి అడుగు అరలోంచి ఒకటి దొరికింది. తెల్ల ప్లాస్టిక్, నల్లటి లావు అంకెలు, ఆరుకూ తొమ్మిదికీ కింద గీత, మామూలు దానికి రెండింతల సైజు. అందం లేదని ఎవరూ కొనరట. అది కొంది. దాంతో పాటు చుట్టూ అంచు ఉన్న పళ్లెం, పైనుంచి వేస్తే మెట్ల మీదుగా దొర్లి కిందకి వచ్చే అట్ట గోపురం కూడా మోసుకుని నేరుగా అన్న ఇంటికి వెళ్లింది.

పళ్లెం పనికిరాలేదు. పాచిక పళ్లెంలో పడితే కదా అంచు ఆపేది. గోపురం నోరు చిన్నది. నాలుగుసార్లు ప్రయత్నించి, అయిదోసారి అన్న గోపురాన్నే పడగొట్టాడు. మందుల షాపాయన ఫోనులో పెట్టి ఇచ్చిన పాచిక ఆట ఉంది కదా అని అదీ చూశారు. అన్న వేలు అద్దాన్ని ఒకసారి తాకబోయి మూడుసార్లు తాకింది. మూడు అంకెలు వచ్చాయి.

"ఏది నాది?" అన్నాడు అన్న.

"మొదటిది."

"మూడూ నావే. అసలు ఇందులో పాచిక ఎక్కడుందే? అంకె ఉంది, అంతే. వదిలెయ్. ఆ ఇద్దరూ వేస్తారుగా నా బదులు."

"వాళ్లు వేస్తే నువ్వెందుకు అక్కడ?"

వదిన గోపురాన్ని లేపి నిలబెట్టింది. కత్తెరమ్మ దారిపొడుగునా ఆటసామాన్లు చేసేవాళ్లందర్నీ తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. గాజులో నక్షత్రం పెట్టడానికి తీరిక ఉంటుంది. చేయి పట్టు తప్పిన మనిషి ఎలా వేస్తాడో ఆలోచించే తీరిక ఒక్కడికీ లేదు.

బటన్ల డబ్బా సర్దుతుంటే ఆలోచన వచ్చింది. వేయడం అంటేనే కదా పడిపోయేది. వేయకుండా తీస్తే? ఇరవై బటన్లు, ఒక్కో దాని మీద ఒక అంకె, సంచిలో పోసి చేయి పెట్టి ఒకటి తీయడం. తీసినదాన్ని చూపించి మళ్లీ సంచిలో వేయాలి. లేకపోతే ఏవి పోయాయో, ఏవి మిగిలాయో తెలిసిపోతుంది. సంచిలో చేయి ఎంత వణికినా ఎవరికీ కనబడదు, పైగా బటన్లు బాగా కలుస్తాయి. ఆ యజమాని లేని కోటులోంచి విప్పిన పాత లైనింగు ముక్కతో, లోపలున్నది బయటికి కనబడకుండా రెండు పొరలు వేసి సంచి కుట్టింది. నల్ల కోటు బటన్లు పంతొమ్మిది ఒక రకానివే దొరికాయి. ఇరవైయోది వేరే డబ్బాలోంచి తీసి, దీపం కింద పెట్టి, రంగూ సైజూ మెరుపూ సరిపోయాయో లేదో తన పద్ధతిలో చూసింది. సరిపోయాయి. దాని మీద ఇరవై అని రాసింది.

అన్నను రప్పించడం అంత సులువు కాలేదు. వదిన తోసి పంపింది.

మొదటి ఆదివారం ఆయన సంచిలో చేయి పెట్టి ఒక బటను తీశాడు. ఏడు. సిపాయి తన్నిన తలుపు కదల్లేదు, సిపాయి కాలు బెణికింది. అన్న తన బటను తనే చూసుకుని, "ఛీ" అన్నాడు. ఆ మాట విని చాలా వారాలైంది. తర్వాతి వారం కూడా బాగానే గడిచింది. తొమ్మిది, పదిహేను, రెండు, పన్నెండు. సిపాయికి మాటలు తిరిగి వచ్చాయి. జూదరిని పిరికిపంద అన్నాడు. వైద్యుడు ఇచ్చిన మందు వాసన చూసి నేల మీద పారబోశాడు. కత్తెరమ్మ మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆ వారమంతా ఎవరినీ తిట్టలేదని జిరాక్స్ ఆవిడే చెప్పింది.

మూడో ఆదివారం కథలో వరద. నేలమాళిగలో వైద్యుడు చిక్కుకున్నాడు, నీళ్లు ఎక్కుతున్నాయి, అడ్డంగా ఇనుప గేటు. విరగాలంటే పద్నాలుగు రావాలని కత్తెరమ్మ చెప్పింది. అన్న బటను తీశాడు. పదకొండు.

"సరిపోతుందిలే," అన్నారు మాస్టారు. "గేటు కొంచెం వంగిందనుకుందాం. ఇంకొకటి తియ్యి."

కత్తెరమ్మ కూడా "సరే, వంగింది. ఇంకోటి తియ్యి," అంది.

అన్న ఇద్దరి మొహాలూ చూశాడు. సంచిలో చేయి పెట్టాడు. ఇరవై. గేటు ఊడిపోయింది. తర్వాత కాపలావాడు. ఇరవై. తర్వాత పడవ తాడు. ఇరవై.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మూడు ఇరవైలు వరసగా. ఎనిమిది వేలల్లో ఒకసారి రావాలి అది. ఏదో తేడా ఉంది."

"ఏం తేడా?" అంది కత్తెరమ్మ.

"నేనేమీ అనట్లేదమ్మా. ఒకసారి సంచి చూస్తే—"

"చూడండి. చూసి ఆయన జేబులు కూడా వెతకండి. మిషన్ కింద పంతొమ్మిది దొరికించుకున్న మహానుభావులు మీరు, మా అన్నని అంటారా? చొక్కా గుండీ పెట్టుకోవడానికి పావుగంట పట్టే మనిషి మీ కళ్ల ముందు చేతివాటం చూపించాడా? నెలల తరబడి ఆ చేతుల్లోంచి పాచిక లాక్కున్నారు. ఇప్పుడు ఒక్కరోజు అదృష్టం పడితే అదీ లాక్కుంటారా? మీకు కడుపుమంట కాకపోతే ఏంటిది?"

మాస్టారు ఎర్రబడిపోయారు. మందుల షాపాయన బల్ల మీది గుంటను వేలితో రాస్తున్నాడు.

"మాస్టారు చెప్పింది నిజమేనే," అన్నాడు అన్న.

అన్న సంచిలో చేయి పెట్టి, ఇరవై తీసి బల్ల మీద పెట్టాడు. సంచిలో వేశాడు. కలిపాడు. మళ్లీ చేయి పెట్టి, దాన్నే తీశాడు.

"దీని అంచు లావు. మిగతావి అన్నీ ఒకటే. మొదటి రోజు చేయి పెట్టగానే తెలిసింది."

కత్తెరమ్మ బటను లాక్కుని, పక్కన ఇంకొకటి పెట్టి చూసింది. కంటికి రెండూ ఒకటే. బొటనవేలితో రుద్దింది. ఒకటి కాదు. ఆమె జీవితమంతా బటన్లు కంటితోనే జతచేసింది. చొక్కా మీద తేడా కనబడకపోతే చాలు, ఎవడూ తడిమి చూడడు. తాళంలోపల కంటికి కనబడని పిన్నులను వేలితో లెక్కపెట్టి బతికిన మనిషికి తను తడుముకునే సంచి కుట్టి ఇచ్చింది. వేళ్లు వణుకుతాయని తెలుసు. వణికే వేళ్లకు ఇంకా తెలుస్తుందని ఆలోచించలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"ముప్పై ఏళ్లు ఊరందరి ఇళ్లూ తెరిచావు. ఒక్క ఇంట్లో చెంచా ముట్టుకోలేదు. చెల్లెలి సంచిలో బటను దొంగిలిస్తావా? నీ తరఫున ఈయన్ని ఎన్ని మాటలన్నాను ఇప్పుడు? సిగ్గు లేదూ నీకు?"

"పోనీలే అక్కా," అన్నాడు మందుల షాపాయన. "పాపం, అన్న—"

"పాపం అన్నావంటే నిన్ను కూడా వీధిలోకి తోస్తాను."

"వాడన్నదాంట్లోనే ఉంది అసలు సంగతి," అన్నాడు అన్న. గొంతు పెరిగింది. చేతులు ఒళ్లో పెట్టుకోలేదు, బల్ల మీదే పెట్టాడు, బల్ల సన్నగా గడగడలాడింది. "రెండు వారాలు వేలికి తగులుతున్నా తీయలేదు నేను. ఏడొస్తే ఏడు, రెండొస్తే రెండు. ఇవాళ పదకొండొచ్చింది. పద్నాలుగు కావాలన్నావు. మాస్టారికి పదకొండొస్తే గేటు వంగేదా? వీడికొస్తే వంగేదా? వీళ్లు ముంచేస్తావని నీకు భయపడి చస్తారే. నాకు మాత్రం వంగింది. మాస్టారు వంగదీశారు, నువ్వు సరే అన్నావు. అంకెలు మీరే వేసుకునేట్టయితే నేను మాత్రం నాకు కావలసింది ఎందుకు తీసుకోకూడదు?"

కత్తెరమ్మకు మిగిలిన ఇద్దరి మీద పడటానికి వీల్లేదు. సరే అనే మాట ఆమె నోట్లోంచే వచ్చింది. కోపం ఎటు తిప్పాలో తెలియక సంచిలోని బటన్లన్నీ డబ్బాలో గుమ్మరించింది.

"గేటు వంగలేదు," అంది చివరికి. "మూడు ఇరవైలూ కొట్టేశాను. నీళ్లు మెడదాకా వచ్చాయి. వైద్యుడు లోపలే ఉన్నాడు."

"అయ్యో," అన్నాడు మందుల షాపాయన.

"మరి శిక్ష?" అన్నారు మాస్టారు. అప్పటిదాకా మాటలు పడి కూర్చున్న మనిషి మొహం వెలిగింది. "నాకు నెల వేశారు."

"చేతులు వణుకుతుంటే వేడి టీ—" అని మొదలుపెట్టి, కత్తెరమ్మ చూపు చూసి ఆపేశాడు మందుల షాపాయన.

"నెల," అన్నాడు అన్న. "ఒక్క వారం తగ్గించినా ఊరుకోను. కప్పులు నిండుగా పోయను, అంతే."

"దొంగ," అన్నారు మాస్టారు, మనసారా.

"మీకంటే నయం. నేను వంగలేదు, తడుముకోలేదు, కుర్చీలోంచే కొట్టేశాను."

మాస్టారు నవ్వు ఆపుకోవడానికి చూసి, ఆపుకోలేకపోయారు. కత్తెరమ్మ నవ్వలేదు. ఆమెకు కోపం రెండు వారాలు పట్టింది తగ్గడానికి. ఆ లావంచు బటనును మాస్టారి కోటు చేతికి ఊడిన చోట కుట్టింది, అంకె లోపలివైపుకు తిప్పి.

తర్వాతి ఉపాయం మందుల షాపాయనది. వెడల్పు నోటి ఖాళీ సీసా తెచ్చాడు. మాత్రలు టోకుగా వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా, మూత బిగుతు. అందులో అందం లేని ఆ తెల్ల పాచిక వేసి మూత బిగించారు. పట్టుకోవడానికి లావుగా ఉంది, రెండు చేతులకూ దొరుకుతుంది, దొర్లినా సీసా దొర్లాలి తప్ప పాచిక నేల మీద పడే ప్రశ్నే లేదు. చప్పుడు తగ్గడానికి కత్తెరమ్మ అడుగున గుండ్రంగా కంబళి ముక్క కత్తిరించి అతికించింది.

మాస్టారు ఒప్పుకోలేదు. "చేయి ఆగదు కాబట్టి పాచిక ఆగదు. మంచి అంకె కనబడ్డప్పుడు దించుతాడు. మనకు తెలిసినవాడే కదా."

ఈసారి ఎవరూ ఆయన్ని తిట్టలేదు. చాలాసేపు వాదించుకుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఊపుతూ ఉండాలి. పక్కన కూర్చున్నవాడు మొహం తిప్పుకుని "పెట్టు" అనాలి. అనగానే బల్ల మీద పెట్టి రెండు చేతులూ తీసేయాలి. తీశాక కనబడిందే అంకె. నలుగురికీ అదే సీసా, అదే పద్ధతి. సొంత పాచికలు డబ్బాలోకి వెళ్లిపోయాయి. మాస్టారు సీసాను ఇంటికి తీసుకెళ్లి ఒక వారం ఊపి, ఏ అంకె మీదా అనుమానం లేదని ప్రకటించాక ఆట మొదలైంది.

గేటు దగ్గరే మొదలైంది. నీళ్లు వైద్యుడి గడ్డం తాకుతున్నాయి. పద్నాలుగు రావాలి. రాకపోతే ఇద్దరిలో ఒకడు పోతాడని కత్తెరమ్మ ముందే చెప్పింది.

అన్న రెండు చేతులతో సీసా పట్టుకున్నాడు. ఊపవలసిన అవసరం లేకపోయింది. "దీనికి మాత్రం నా అంత పనివాడు లేడు," అన్నాడు. మాస్టారు గోడవైపు తిరిగి, చాలాసేపటికి అన్నారు.

"పెట్టు."

సీసా బల్లకు తగిలి రెండుసార్లు టకటకలాడి నిలిచింది. చేతులు తీసేశాడు. కంబళి మీద తెల్ల పాచిక, నల్లగా, గది అవతలి నుంచి కూడా చదవగలిగేంత లావుగా, నాలుగు.

మందుల షాపాయన కత్తెరమ్మ వైపు చూశాడు. మాస్టారు కూడా చూడబోయి, పనిగట్టుకుని సీసా వైపు చూపు తిప్పుకున్నారు.

"గేటు విరగలేదు," అంది కత్తెరమ్మ. "కానీ సిపాయి భుజం పెట్టి కొంచెం పైకి ఎత్తాడు. వైద్యుడు దూరి బయటికి వచ్చాడు. గేటు సిపాయి మీద పడింది. నీళ్లు మూసేశాయి. అయిపోయింది."

తొమ్మిదేళ్ల సిపాయి. అన్న సీసాను పక్కకు జరిపాడు. "భుజం మాట నువ్వు జాలిపడి చెప్పలేదు కదా?"

"జాలి అయితే నిన్ను కూడా బయటికి లాగేదాన్ని. ఒకడు పోతాడన్నాను, ఒకడే పోయాడు. ఇప్పుడు కొత్తవాణ్ని తయారుచెయ్యి. ఎవరు?"

అన్న ఎక్కువ ఆలోచించలేదు. "తాళాలు తీసేవాడు."

వారమంతా చేసే పని ఆదివారం కూడానా అని తొమ్మిదేళ్ల కిందట ఆయన అన్నది అందరికీ గుర్తుంది.

"కొత్తగా నేర్చుకునేదేముంది," అంది కత్తెరమ్మ. "చేయితిరిగిన దొంగవి. ముందు టీ పెట్టు, నెల ఇంకా కాలేదు."

అన్న లేచి గది మూలనున్న స్టవ్ దగ్గరికి వెళ్లాడు. పళ్లెంలో నాలుగు కప్పులు తెచ్చాడు, సగం సగం పోసినవి. తెస్తుంటే అవి గలగలమన్నాయి. బల్ల మీద దించేటప్పుడు ఇత్తడి పాచిక చేసిన గుంటలో కాస్త టీ ఒలికింది. గుడ్డ మాస్టారి చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆయన కదల్లేదు. ఎవరూ కదల్లేదు. అన్నే వెళ్లి గుడ్డ తెచ్చి తుడిచి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు.